పాలకూ లెక్క, మందుకూ లెక్క

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో బాగా చదవండి, క్రమశిక్షణతో ఉండండి అని చెప్పడం ఆనవాయితీ. ఆ మాటలు నా ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పేశారు. నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. ఒకటి నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు పాలు పట్టడం, మందు వేయడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. మందు రాసే అర్హత నాకు లేదు. పిల్లల డాక్టర్లు ఎప్పుడూ చెప్పేవీ, ప్రభుత్వం ప్రకటించినవీ మాత్రమే ఇక్కడ చెబుతున్నాను. అయితే ఈ పనిలో సగం వైద్యమైతే సగం లెక్క. ఎంత, ఎన్నిసార్లు, ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అన్నది లెక్కే. ఆ సగం గురించి మాట్లాడే ధైర్యం నాకుంది.

మన ఇళ్ళ సంగతి చూడండి. తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాం. మామ్మ గారికి తెలుగు చదవడం వచ్చు. కోడలు ఒడియా బడిలో చదువుకుంది, తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. డాక్టరు గారు ఒడియాలోనో హిందీలోనో చెబుతారు. మందు సీసా మీద ఇంగ్లీషు, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. ఇన్ని భాషలు దాటుకుని ఒక చెంచా మందు బిడ్డ నోటికి చేరాలి. హోసూరులో మనవాళ్ళకు తమిళం, బళ్ళారిలో కన్నడం, షోలాపూర్‌లో మరాఠీ. ఊరు మారినా తంతు ఇదే. అలాంటి ఇంట్లో ఆ సీసా మీది అక్షరాలు చదవగలిగే మనిషి ఎవరు? ఇవాళ ఇక్కడ చెక్కు అందుకున్న మీరే. అందుకే ఈ మాటలు తల్లులకు ఎంత అవసరమో, విద్యార్థులకూ అంతే అవసరం అంటున్నాను.

ముందు పాల సంగతి. బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు, మంచినీళ్ళు కూడా వద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. ఆరు నెలలు నిండగానే మెత్తని తిండి మొదలుపెట్టాలి. తల్లిపాలు రెండేళ్ళ వరకు, ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు. ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులుగా ఏడాది నిండకముందు పట్టకూడదు. వాటిలో ఇనుము బాగా తక్కువ. అందులోని మాంసకృత్తులు, లవణాలు ఆ చిన్న మూత్రపిండాలకు బరువు. కొందరు పిల్లలకు పేగుల్లో కంటికి కనిపించనంత రక్తం కూడా పోతుంది.

ఏడాది నిండాక పాలు ఇవ్వవచ్చు. ఎంత? ఇక్కడే లెక్క తప్పుతుంది. "మా వాడు అన్నం ముట్టడండీ, పాలమీదే బతుకుతున్నాడు" అని తల్లులు కొంత బాధగా, కొంత గర్వంగా చెప్పడం నేను చాలా ఇళ్ళలో విన్నాను. కాగితం మీద వేసి చూడండి. 200 మి.లీ. సీసా రోజుకు ఐదుసార్లు పడితే లీటరు పాలు. అంత చిన్న పొట్టలో లీటరు పాలు పోస్తే ఇక అన్నానికి చోటెక్కడ? బిడ్డ అన్నం తినడు కాబట్టి పాలు పడుతున్నాం అనుకుంటాం. నిజానికి పాలు పడుతున్నాం కాబట్టే అన్నం తినడం లేదు. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 400 నుంచి 500 మి.లీ. పాలు చాలు. మిగతా ఆకలి తిండికి వదిలిపెట్టాలి.

దీనివల్ల జరిగే నష్టం పైకి కనబడదు. బిడ్డ బొద్దుగానే ఉంటాడు. లోపల రక్తం పలచబడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 1 నుంచి 3 ఏళ్ళ బిడ్డకు రోజుకు 8 మి.గ్రా. ఇనుము కావాలి. పాలు ఎన్ని పట్టినా ఆ లెక్కకు చేరవు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ముగ్గురిలో ఇద్దరికి. అందరికీ పాలే కారణమని నేను అనను. కాని ఈ ఒక్క కారణం మన చేతిలో ఉంది. చోడిజావ, పప్పన్నం, ఆకుకూర, తినేవాళ్ళయితే గుడ్డు, చేప, అంగన్వాడీలో ఇచ్చే ఛతువా, ఇవన్నీ పాలకంటే ముందు రావాలి. పసిపిల్లలకు టీ చుక్క కూడా వద్దు. టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

పాలల్లో సగం నీళ్ళు కలిపితే అరుగుతాయనే నమ్మకం ఒకటి ఉంది. అలా కలిపితే కడుపు నిండుతుంది, బలం సగమవుతుంది. పాలు కాచి, చల్లార్చి, ఉన్నవి ఉన్నట్టుగా ఇవ్వండి. సీసా బదులు గ్లాసుతో, చెంచాతో పట్టండి. మన పాతకాలపు ఉగ్గుగిన్నె ఈ విషయంలో పాలసీసాకంటే ఎంతో నయం. ఒక్కసారి కడిగితే శుభ్రమైపోతుంది. పాలసీసా పీకలో, మెడలో మురికి చేరితే విరేచనాలు పట్టుకుంటాయి. రాత్రి సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు పళ్ళు పుచ్చిపోతాయి. పాలడబ్బాలు, పాలసీసాల ప్రచారాన్ని అరికట్టడానికి మన దేశంలో 1992లోనే చట్టం చేశారు. 2003లో దాన్ని సవరించి, రెండేళ్ళలోపు పిల్లల ఆహారాల ప్రచారాన్నీ అందులో చేర్చారు. ఊరికే చేయలేదు.

ఇక పాలూ మందూ కలిసే చోటికి వద్దాం. మందు చేదుగా ఉంటుంది, బిడ్డ ఉమ్మేస్తాడు. అందుకని గ్లాసెడు పాలల్లో కలిపేస్తాం. బిడ్డ సగం తాగి మొహం తిప్పేస్తాడు. ఇప్పుడు బిడ్డ కడుపులోకి వెళ్ళిన మందు ఎంత? ఎవరూ చెప్పలేరు. జమ ఎంతో తెలియని ఖాతా అది. మళ్ళీ కొంచెం వేద్దామంటే ఎక్కువవుతుందేమోనని భయం, మానేద్దామంటే తక్కువైందేమోనని భయం. పైగా ఆ పాలరుచి చెడి, మర్నాటి నుంచి బిడ్డ పాలంటేనే పారిపోతాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని మందులు పాలతో పొసగవు. ఇనుము మందే తీసుకోండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఆశా కార్యకర్త ద్వారా వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఇచ్చే సిరప్ ఉంది కదా, అది పాలతో ఇస్తే ఒంటికి సరిగా పట్టదు. పాలకూ దానికీ మధ్య ఒకటి రెండు గంటలు ఎడం ఉంచండి. అది వేసుకున్నాక మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మామూలే. బిడ్డకు జ్వరం వంటి జబ్బు ఉన్నప్పుడు ఆ సిరప్ వేయాలా, ఆగాలా అని ఆశా కార్యకర్తనే అడగండి. అసలు ఏ మందైనా పాలతో ఇవ్వవచ్చా, ఖాళీ కడుపున ఇవ్వాలా, తిన్నాక ఇవ్వాలా అన్న ప్రశ్న డాక్టరు గారి దగ్గరే అడిగేయాలి. చేదు మరీ భరించలేకపోతే, డాక్టరు సరే అంటే, ఒక్క చెంచాలో సరిపోయేంత నీళ్ళతోనో పాలతోనో కలిపి ఒకేసారి మింగించండి. గ్లాసులో మాత్రం కలపవద్దు.

మందు వేసే పద్ధతి కూడా చెబుతాను. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో పోయడం చాలా ప్రమాదం. మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, బుగ్గ లోపలివైపు కొంచెం కొంచెంగా వేయాలి. మాత్ర అయితే మెత్తగా నలిపి నీళ్ళతో ఇవ్వాలి. నులిపురుగుల దినం నాడు ఇచ్చే మాత్ర కూడా అంతే. ఏడాది నుంచి రెండేళ్ళ వారికి అర మాత్ర, రెండేళ్ళు దాటినవారికి ఒక మాత్ర. మందు వేసిన వెంటనే బిడ్డ కక్కేస్తే, మీ అంతట మీరు మళ్ళీ వేయకండి. ఎంతసేపటికి కక్కాడో డాక్టరుకు చెప్పి అడగండి.

ఇప్పుడు లెక్కలోకి వస్తాను. విద్యార్థులు జాగ్రత్తగా వినాలి.

జ్వరానికి వేసే పారాసిటమాల్ అందరి ఇళ్ళలో ఉంటుంది. బజారులో అది కనీసం మూడు రకాలుగా దొరుకుతుంది. చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. మందు ఉంటుంది. ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఇంకో రకం సిరప్‌లో 5 మి.లీ.కి 250 మి.గ్రా. డబ్బా మీద పేరు ఒకటే, రంగు ఒకటే, లోపలి బలం వేరు. మన నోట్లలో వంద కాగితమూ ఐదువందల కాగితమూ ఒకటి కానట్టే ఇవీ ఒకటి కావు.

డాక్టర్లు ఈ మందును బిడ్డ బరువును బట్టి రాస్తారు. ఒక మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. పది కిలోల బిడ్డకు 100 నుంచి 150 మి.గ్రా. అన్నమాట. చుక్కల మందులో అది 1 నుంచి 1.5 మి.లీ. మాత్రమే. 120 రకం సిరప్‌లో సుమారు 5 మి.లీ. 250 రకంలో 2 నుంచి 3 మి.లీ. మోతాదుకూ మోతాదుకూ మధ్య 4 నుంచి 6 గంటల ఎడం ఉండాలి. 24 గంటల్లో నాలుగుసార్లకు మించకూడదు. హద్దు మీరితే దెబ్బ తినేది కాలేయం.

మా పక్క వీధిలో జరిగింది చెబుతాను. పద్నాలుగు నెలల బాబుకు రాత్రిపూట జ్వరం వచ్చింది. కిందటి నెల చీటీ ఇంట్లో ఉంది. అందులో 5 మి.లీ. అని రాసి ఉంది. తండ్రి దుకాణానికి పరిగెత్తి అదే పేరు చెప్పి మందు తెచ్చాడు. తల్లి మూతతో 5 మి.లీ. కొలిచింది. ఆ ఇంట్లో ఆడపడుచు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. డబ్బా చేతిలోకి తీసుకుని చదివి, "వదినా, ఆగు. ఇది చుక్కల మందు" అంది. పాత చీటీ సిరప్‌కు రాసింది. ఆ 5 మి.లీ. వేసి ఉంటే 500 మి.గ్రా. మందు బిడ్డ లోపలికి పోయేది. పది కిలోల బిడ్డకు వేయదగ్గ దానికి మూడింతలకు పైనే. తల్లి తప్పేమీ లేదు. ఆమె చీటీలో ఉన్నదే చేసింది. చదవగలిగిన మనిషి ఆ పూట ఇంట్లో ఉండటం, నోరు విప్పడం ఆ బిడ్డ అదృష్టం.

అందుకే బ్యాంకు పద్ధతులు మూడు మీ ఇళ్ళకు ఇస్తున్నాను.

మొదటిది, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. చెక్కు మీద మొత్తాన్ని రెండు విధాలా ఎందుకు రాస్తాం? ఒక చుక్క, ఒక సున్న చేసే నష్టం తెలుసు కనుక. మందు చీటీలో 0.5 రాసి ఆ చుక్క కనబడకపోతే అది 5 అవుతుంది, పదింతలు. కనుక డాక్టరు దగ్గర లేచి వచ్చేముందు, "అర మి.లీ.నా అండీ, ఐదు మి.లీ.నా?" అని నోటితో చెప్పించుకోండి. చీటీలో ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే అని అర్థం. విద్యార్థులు ఆ మాటలను మామ్మ గారికి అర్థమయ్యేలా తెలుగులో డబ్బా మీద రాసి అంటించండి. కొలతకు ఇంట్లో చెంచా వాడకండి. ఒక్కో ఇంటి చెంచా ఒక్కో కొలత. మందుతో వచ్చిన మూతగాని, డ్రాపర్ గాని, సూది లేని సిరంజి గాని వాడండి. ఒక మందు డ్రాపర్‌తో ఇంకో మందు కొలవవద్దు.

రెండోది, ఇద్దరి చూపు. బ్యాంకులో ఒకరు రాస్తే ఇంకొకరు సరిచూస్తారు. ఎంత నమ్మకస్తుడైనా ఇది తప్పదు. ఇంట్లో ఒకరు మందు కొలిస్తే ఇంకొకరు డబ్బా చదవాలి. పేరు, బలం, గడువు తేదీ, మూత సీలు. కోడలిని అనుమానించినట్టు కాదు, మామ్మ గారిని తక్కువ చేసినట్టూ కాదు. పద్ధతి అంటే అందరికీ ఒకటే.

మూడోది, పద్దు రాయడం. ఉదయం తల్లి మందు వేసి పనిలోకి వెళ్తుంది. గంట తర్వాత బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉందని మామ్మ మళ్ళీ వేస్తుంది. ఇద్దరిదీ ప్రేమే. కాని బిడ్డకు రెండు మోతాదులు పడ్డాయి. గోడకు ఒక క్యాలెండరు కాగితం తగిలించి, దారంతో పెన్సిలు కట్టండి. తేదీ, వేళ, మందు పేరు, ఎంత, ఎవరు. ఐదు గళ్ళు చాలు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్ళండి. ఆయనకు సగం పని తగ్గుతుంది.

దగ్గు మందుల గురించి గట్టిగా చెప్పాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో కలుషితమైన దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలన్నిటికీ ఒక సూచన పంపింది. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా వద్దు. పిల్లల దగ్గు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. గోరువెచ్చని ద్రవాలు, విశ్రాంతి చాలు. ఏడాది దాటిన బిడ్డకు కాస్త తేనె నాకించవచ్చు. ఏడాది లోపు తేనె మాత్రం వద్దు, అది బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బుకు దారితీయవచ్చు. వస అరగదీసి తేనెతో నాకించే అలవాటు ఉన్న ఇళ్ళవారు ఈ మాట గుర్తుంచుకోండి. ఆస్పిరిన్ పిల్లలకు మీ అంతట మీరు వేయకూడదు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు ఇవ్వకుండా 2011లోనే ప్రభుత్వం నిషేధించింది. మందు అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు అని అర్థం. పెద్దబ్బాయికి మిగిలిన సీసా చిన్నబ్బాయికి పట్టడం అనే పొదుపు మనకు వద్దు.

విరేచనాలైతే పాలు మానిపించకండి. తల్లిపాలు ఇస్తూనే ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లం లీటరుకని రాసి ఉంటే లీటరు నీళ్ళలోనే మొత్తం కలపాలి. గ్లాసులో చిటికెడు వేస్తే కొలత తప్పుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ. చెంచాతో పట్టండి. జింకు మాత్ర డాక్టరు చెప్పినన్ని రోజులు, మామూలుగా 14 రోజులు, పూర్తిగా వేయండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి పానీయాలు వేరు, అసలు ఓఆర్ఎస్ వేరు. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందో లేదో చదివి కొనండి. చదివే పని మళ్ళీ మీదే.

ఏ లెక్కా వేయకుండా ఆసుపత్రికి పరిగెత్తవలసిన వేళలు కూడా ఉన్నాయి. బిడ్డ పాలు, నీళ్ళు ఏదీ తాగలేకపోతే, తాగిందల్లా కక్కేస్తుంటే, ఫిట్స్ వస్తే, మగతగా పడి ఉంటే, మూత్రం తగ్గిపోతే, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఆలస్యం చేయకూడదు. ఏడాది నుంచి ఐదేళ్ళలోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే అది వేగం కిందే లెక్క. గడియారం చూసి నిండు నిమిషం లెక్కపెట్టండి. మూడు నెలలలోపు బిడ్డకు ఒళ్ళు 100.4 డిగ్రీలు కాగినా ఇంటివైద్యం వద్దు. 108కి ఫోను చేయండి.

మందులన్నీ పిల్లలకు అందని ఎత్తులో, తాళం ఉన్న చోట పెట్టండి. మందును మిఠాయి అని చెప్పి వేయకండి. మిఠాయి అనుకున్న బిడ్డ రేపు సీసా అంతా తాగుతాడు. కిరసనాయిలు, ఫినాయిలు మంచినీళ్ళ సీసాల్లో పోసి ఉంచకండి.

విద్యార్థులకు చివరగా ఒక మాట. ఈ ట్రస్టు మీ చదువుకు డబ్బు ఇస్తోంది. ఆ డబ్బు ఈ సమాజంలోని ఎందరో చిన్న సంపాదనపరులది. దానికి ప్రతిగా మీరు పెద్ద ఉద్యోగం తెచ్చుకునేదాకా ఆగనక్కరలేదు. మీ చదువు ఈ రాత్రి నుంచే మీ ఇంటికీ పక్కింటికీ పనికొస్తుంది. మీ ఇంట్లో మందుల డబ్బా దించి, గడువు తీరినవి తీసేసి, మిగతావాటి మీద పేరు, బలం, దేనికి అన్నది తెలుగులో రాయండి. మామ్మ గారికి చదివి వినిపించండి. రేపు చెక్కు బ్యాంకులో వేసేముందు పేరు, అంకె, అక్షరం సరిచూసుకుంటారు కదా, పసిబిడ్డ మందు దగ్గర కూడా అంతే శ్రద్ధగా చూడమని అడుగుతున్నాను.